అదృష్టశాలి లీఫ్

అమెరికా ఖండాన్ని మొట్టమొదట చేరిన ఐరోపావాసి ఎవరని అడిగితే చాలామంది కొలంబస్ పేరే చెబుతారు. కొలంబస్ అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటినది 1492లో. అంతకు దాదాపు ఐదువందల సంవత్సరాలకు పూర్వమే, ఐరోపా నావికులు దిక్సూచిని ఎరుగని కాలంలో, ఒంటి తెరచాప ఓడపై ఆ ఖండపు ఈశాన్య తీరాన అడుగుపెట్టిన నావికుడు లీఫ్ ఎరిక్సన్.

లీఫ్ పదవ శతాబ్ది ఉత్తరార్ధంలో ఐస్‌లాండ్‌లో జన్మించాడని చరిత్రకారుల అభిప్రాయం. తండ్రి ఎరిక్. జుట్టు రంగును బట్టి లోకులు అతనిని ఎర్ర ఎరిక్ అనేవారు. తల్లి థ్యోధిల్డ్. ఆ వంశంలో సాహసంతోపాటు కోపమూ వారసత్వంగా వచ్చింది. హత్యల కారణంగా లీఫ్ తాత నార్వే దేశాన్ని విడిచిపెట్టవలసి వచ్చింది. అటువంటి నేరానికే ఎరిక్ 982లో ఐస్‌లాండ్ నుండి మూడు సంవత్సరాలపాటు బహిష్కృతుడయ్యాడు. ఆ మూడేండ్లూ అతడు పడమటి సముద్రంలోని ఒక మంచునేలను గాలించి, దానికి గ్రీన్‌లాండ్, అనగా పచ్చని నేల, అని పేరు పెట్టాడు. పేరు బాగుంటే జనం వస్తారని అతని యుక్తి. యుక్తి ఫలించింది. 985 ప్రాంతంలో 25 ఓడలు ఐస్‌లాండ్ నుండి బయలుదేరగా, 14 మాత్రమే గమ్యం చేరాయి. ఎరిక్ బ్రట్టాలిడ్ అనే చోట స్థిరపడ్డాడు. లీఫ్ పెరిగినది అక్కడే.

గ్రీన్‌లాండ్‌లో పశువులకు గడ్డి ఉంది. కాని ఇళ్లకు, ఓడలకు పనికివచ్చే కలప లేదు.  కనుకనే బ్యార్ని అనే వర్తకుడు చెప్పిన సంగతి అక్కడివారికి కేవలం వింతగా తోచలేదు. అతడు పొగమంచులో దారితప్పి, పడమట దట్టమైన అడవులున్న తీరాన్ని చూశాడు. చూసి కూడా ఓడ దిగక వెనుదిరిగాడు. ఆ నిరాసక్తతకు జనం అతనిని నిందించారు. లీఫ్ మాత్రం నిందతో కాలక్షేపం చేయక, బ్యార్ని ఓడనే కొని, 35 మందిని సమకూర్చుకున్నాడు. నాయకత్వం వహించమని తండ్రిని వేడుకున్నాడు. ఎరిక్ అంగీకరించి బయలుదేరాడు గాని, రేవుకు వచ్చే దారిలో గుర్రం తొట్రుపడి కిందపడ్డాడు. ఇక కొత్త నేలలు తనకు రాసిపెట్టి లేవని తలచి ఇంటికి మరలిపోయాడు.

దాదాపు 1000వ సంవత్సరంలో సాగిన ఆ యాత్రలో లీఫ్ బ్యార్ని వచ్చిన దారినే వెనుకనుండి పట్టుకుపోయాడు. మొదట బండరాళ్లు, మంచు తప్ప మరేమీ లేని నేల ఎదురైంది. దానికి హెలూలాండ్ అని పేరు పెట్టాడు. తరువాత అడవులతో నిండిన నేల, అది మార్క్‌లాండ్. మరి రెండు దినాలు దక్షిణంగా పయనించిన పిమ్మట చేపలు సమృద్ధిగా ఉన్న నదీతీరంలో ఇళ్లు కట్టుకొని శీతకాలం గడిపారు. ఒకనాడు టిర్కిర్ అనే వృద్ధుడు కనిపించకుండాపోయాడు. లీఫ్‌ను బాల్యం నుండి ఎత్తి పెంచినవాడతడు. లీఫ్ కంగారుపడి వెదకబోగా ఆ ముసలివాడు ఉత్సాహంగా ఎదురువచ్చి, ద్రాక్షతీగలు కనబడ్డాయని చెప్పాడట. అందుచేత ఆ నేలకు విన్‌లాండ్ అనే పేరు కలిగింది. ఇదంతా రెండు శతాబ్దాల తరువాత ఐస్‌లాండ్‌లో గ్రంథస్థమైన సాగాలనే గాథలు చెప్పే కథ. మరొక సాగా ప్రకారం, నార్వే రాజు ఓలాఫ్ వద్ద క్రైస్తవం స్వీకరించి వస్తున్న లీఫ్ గాలివానకు కొట్టుకుపోయి ఆ తీరాన్ని చూశాడు.

తిరుగు ప్రయాణంలో, గ్రీన్‌లాండ్ కొండలు కనబడుతున్న వేళ, చుక్కాని పట్టిన లీఫ్ ఓడను గాలికి ఎదురుగా మళ్లించాడు. తోటివారికి కారణం బోధపడలేదు. దూరాన ఒక రాతితిప్పను, దానిమీద కదలాడే మనుషులను అతని చూపు పసిగట్టింది. ఓడ పగిలి అక్కడ చిక్కుకున్నవారు 15 మంది. శత్రువులో మిత్రులో తెలియకపోయినా లీఫ్ వారిని సమీపించాడు. అందరినీ, వారి సామగ్రితో సహా, తన ఓడలోకి ఎక్కించుకొని, ఇంటికి తెచ్చి ఆశ్రయమిచ్చాడు. నాటినుండి అతడు అదృష్టశాలి లీఫ్ అయ్యాడు. కొత్త ఖండాన్ని కనుగొన్నందుకు గాక, ఈ ప్రాణదానం వల్లనే అతనికి ఆ బిరుదు దక్కడం గమనింపదగినది.

కాని ఆ శీతకాలమే ఒక వ్యాధి వ్యాపించింది. రక్షింపబడిన వారి నాయకుడు, అతని అనుచరులు పలువురు మరణించారు. అదే శీతకాలంలో ఎర్ర ఎరిక్ కూడా కన్నుమూశాడు. బ్రట్టాలిడ్ భారం లీఫ్ భుజాలపై పడింది. అతడు మరల విన్‌లాండ్‌కు వెళ్లలేదు. వెళ్లగోరిన బంధువులకు అక్కడి తన ఇళ్లను వాడుకోనిచ్చాడే గాని ఎవరికీ శాశ్వతంగా ఇవ్వలేదు. తమ్ముడు తోర్వాల్డ్ మనుషులు అక్కడి స్థానికులను అకారణంగా చంపారు. ఆ పగ రేగి, ఒక బాణం తోర్వాల్డ్‌ను అక్కడే బలిగొన్నది. అనంతరం వెళ్లిన వలసదారులు కూడా స్థానికులతో కలహించి, కొన్ని సంవత్సరాలకే వెనుదిరిగారు. 1025 నాటికి బ్రట్టాలిడ్ పెత్తనం లీఫ్ కుమారుడు తోర్కెల్ చేతికి వచ్చింది.

ఈ గాథలను కట్టుకథలుగా కొట్టివేసినవారు ఉన్నారు. 1960లో నార్వే దంపతులు హెల్గే ఇంగ్‌స్టాడ్, ఆన్ స్టీన్ ఇంగ్‌స్టాడ్ కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవి ఉత్తరపు కొసన, లాన్స్ ఓ మెడోస్ గ్రామం వద్ద, గడ్డితో కప్పబడిన మిట్టలను గుర్తించారు. తవ్వకాలలో నార్స్ జాతి ఇళ్ల పునాదులు, ఇనుప మేకులు, ఒక కంచు సూది, నూలు వడికే కదురు బిళ్ల లభించాయి. ద్రాక్ష పండని ఆ చోట బటర్‌నట్ కాయలు కూడా దొరికాయి. అవి మరింత దక్షిణాన మాత్రమే కాసేవి. అక్కడ నివసించినవారు అంతదూరం పోయివచ్చారన్నమాట. 1978లో యునెస్కో ఆ స్థలాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అక్కడ దొరికిన కలపముక్కలలోని వలయాలను పరీక్షించి, లోహపు పనిముట్టుతో ఆ చెట్లను నరికిన సంవత్సరం 1021 అని 2021లో శాస్త్రజ్ఞులు నిర్ధారించారు.