మన ఇళ్లలోని మాత్రల వెనుక మనిషి – డా॥ యల్లాప్రగడ సుబ్బారావు

మాది ఉద్దానంలో ఒక పల్లె. మా అమ్మ చాలా ఏళ్లు పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లింది. మూడేళ్ల క్రితం ఆమె వేళ్లు వాచాయి. పొద్దున్న లేస్తే గంటసేపు పిడికిలి ముడుచుకునేది కాదు. జీడి వల్లనే అనుకున్నాం. అది రుమటాయిడ్ కీళ్లవాతమని డాక్టరుగారు తేల్చారు. ఒంటిని కాపాడవలసిన రక్షణ కణాలే కీళ్ల మీద దాడి చేసే జబ్బు అది. వారానికి ఒక్కరోజు మెథోట్రెక్సేట్, దానికి తోడు ఫోలిక్ యాసిడ్ రాశారు. ఆ రెండు మాత్రల వెనుకా ఒక తెలుగువాడు ఉన్నాడని ఎమ్మెస్సీలో చేరాకే నాకు తెలిసింది. మన హాస్టల్ తమ్ముళ్లకు ఆయన గురించి చెప్పాలనే ఈ వ్యాసం.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. చదువు సాఫీగా సాగలేదు. ఇల్లు విడిచి కాశీకి బయలుదేరితే తల్లి వెనక్కి రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టడం ఆంగ్లేయ ప్రొఫెసరుకు కంటగింపయింది. ఫలితంగా ఆయనకు ఎంబీబీఎస్ రాలేదు, దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ మాత్రమే దక్కింది. ఆ రోజుల్లోనే ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆ దుఃఖమే ఆయనను పరిశోధన వైపు నడిపించింది.

1923లో అమెరికా వెళ్లారు. బోస్టన్‌లో ఒక ఆసుపత్రిలో రాత్రిళ్లు రోగుల పాత్రలు కడిగి, పగలు హార్వర్డ్‌లో చదువుకున్నారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తం, మూత్రాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి రూపొందించారు. నా ప్రాక్టికల్ రికార్డులో ‘ఫిస్కే–సుబ్బారావ్ పద్ధతి’ అని రాసుకున్నప్పుడు ఆ సుబ్బారావు మన భీమవరం వారని నాకు తెలియదు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని బయటపెట్టిన తొలివారిలో వీరిద్దరూ ఉన్నారు. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరారు.

అక్కడి ఎనిమిదేళ్లే ఆయన జీవితానికి పంట. ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది మందయింది. కణం విభజన చెందాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. మరి దాన్ని పోలిన దొంగ పదార్థాన్ని కణానికి అందిస్తే? విభజన ఆగుతుంది. ఆ ఆలోచనతో వచ్చినవే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్. 1947లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకిచ్చి, కొందరిలో జబ్బును తాత్కాలికంగా అణచగలిగారు. ఆయన బృందం నుంచే ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్, బోదకాలు జబ్బుకు వాడే డీఈసీ కూడా వచ్చాయి. హాస్టల్ వరండాలో వరుసలో నిలబడి మనం మింగిన బోదకాలు మాత్రలు అవే.

1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, ఆయన న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. మళ్లీ స్వదేశం చూడలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఈ కీర్తి వెనుక ఆమె ఎదురుచూపు కూడా ఉందని మరువకూడదు. 1951లో కీళ్లవాతం రోగులకు అమినోప్టెరిన్ ఇచ్చి చూశారు. మెథోట్రెక్సేట్‌కు ఆ జబ్బు విషయంలో అమెరికా అనుమతి వచ్చింది 1988లో. అంటే ఆయన పోయిన నలభై ఏళ్లకు!

ఈ నలభై ఏళ్ల సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మా అమ్మకు స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు చేయిస్తే జబ్బు పూర్తిగా పోతుందని ఒకాయన నమ్మబలికాడు. కొన్ని లక్షలన్నాడు. నాన్న జీడితోట అమ్మకానికి పెడదామన్నాడు. మా అధ్యాపకులను అడిగితే, రుమటాయిడ్‌కు ఆ చికిత్స ఇంకా పరిశోధనలోనే ఉందని, అనుమతి పొందిన ప్రయోగాల్లో తప్ప ఇవ్వకూడదని 2017 జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయని వివరించారు. రేపు అది నిజమైన మందు కావచ్చు. కానీ దానికీ మెథోట్రెక్సేట్‌లాగే పరీక్షలు నెగ్గే ఓపిక కావాలి. మా తోట మిగిలింది.

ఉద్దానం వాళ్లకు ఇంకో మాట. మెథోట్రెక్సేట్ ఎక్కువగా కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. కిడ్నీలు బలహీనమైతే మందు ఒంట్లో పేరుకుని ప్రమాదం తెస్తుంది. అందుకే రక్త పరీక్షలు మానకూడదు. వారానికోసారి మాత్రను పొరపాటున రోజూ వేసుకోకూడదు. నొప్పి బిళ్లలు డాక్టరును అడగకుండా వాడితే కిడ్నీలకు చేటు. మా అమ్మ మాత్ర వేసుకునే వారాన్ని నేను క్యాలెండరులో ఎర్ర పెన్నుతో గుర్తుపెడతాను. ఆమెకు చదువు రాదు, ఎర్ర గుర్తు తెలుసు. ఇప్పుడు ఆమె జడ ఆమే వేసుకుంటోంది.

తమ్ముళ్లూ, టెన్త్ తప్పగానే పెట్టె సర్దుకుని వెళ్లిపోయిన స్నేహితులు మనందరికీ ఉన్నారు. వాళ్లకు ఈ కథ చెప్పండి. మూడోసారి పరీక్ష రాసిన కుర్రాడి మందు ఈ రోజు మన ఇళ్లలో ఉంది.

– హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ