శిస్తు తగ్గించమన్న కలెక్టరు సర్ థామస్ మన్రో

గుత్తి: పైవారి మెప్పు కోసం రాబడి పెంచి చూపిన అధికారులు చరిత్రలో అనేకులు. తాను పెంచిన రాబడిలోనే పావు వంతు వదులుకోవాలని పైవారికి రాసి, వారు కాదన్నా పట్టు విడువనివారు బహు అరుదు. అనంతపురం కేంద్రంగా దత్తమండలాలను ఏడేళ్లపాటు పాలించిన ప్రిన్సిపల్ కలెక్టరు సర్ థామస్ మన్రో అటువంటివారు.

1761లో స్కాట్లాండులోని గ్లాస్గోలో ఒక వర్తకుని ఇంట జన్మించిన మన్రో 1780లో ఈస్టిండియా కంపెనీ పదాతిదళ క్యాడెట్‌గా మద్రాసు చేరారు. మైసూరు యుద్ధాలలో పాల్గొన్నారు. 1792 నుంచి ఏడేళ్లు బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ వద్ద రెవెన్యూ పని నేర్చుకున్నారు. 1800 అక్టోబరులో నిజాము బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను, కర్నూలులో కొంత భాగాన్ని కంపెనీకి దత్తం చేయగా, అప్పుడు కెనరాలో ఉన్న మన్రో తనను ఇక్కడికి పంపాలని తానే కోరారు. ఈ సీమకు రాయలసీమ అన్న పేరు 1928 నంద్యాల సభలో గానీ రాలేదు.

కోరి తెచ్చుకున్న ఉద్యోగమే అయినా సుఖమైనది కాదు. సుమారు 80 మంది పాలెగాండ్రు, వారి కింద 30 వేల మంది సాయుధులు ఉన్న రోజులవి. నిజాము ఉద్యోగులు ఒక వంక, పాలెగాండ్రు మరొక వంక పన్ను వసూలు చేయగా రైతులు ఊళ్లు వదలి వలస పోయేవారు. అటువంటి సీమలో మన్రో గుడారాలలోనే నివసిస్తూ, రక్షక భటులు లేకుండా ఊరూరా తిరిగారు. సిపాయిలను వెంట తీసుకుపోతే రైతు దగ్గరకు రాడని ఆయన అభిప్రాయం.

అయితే పాలెగాండ్రను అణచింది మాత్రం కంపెనీ సైన్యమేనన్నది మరువరాదు. కొందరిని వెళ్లగొట్టారు, కొందరికి భరణాలు ఇచ్చారు. ఆ తీరు కఠినమని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు సైతం తప్పుపట్టారు. ఆ గాయం మానలేదనడానికి భరణం వివాదంతో రగిలిన 1846 నాటి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటే సాక్ష్యం.

1802లో పొలాల కొలత మొదలైంది. 33 అడుగుల చదరం ఒక గుంట, 40 గుంటలు ఒక ఎకరం అన్నది కొలమానం. సెంట్ల లెక్కకు అలవాటుపడిన మన రైతుకు ఇది వింతగా తోచవచ్చు గానీ తెలంగాణ, కర్ణాటకలలో గుంట ఇప్పటికీ వాడుకలో ఉంది. స్థానిక గుమాస్తాలే పొలాలు కొలిచారు. మెట్ట, మాగాణి, తోట భూములను వేరుచేసి, నేల తరాన్ని బట్టి శిస్తు కట్టారు. మధ్యవర్తి లేకుండా సర్కారు నేరుగా రైతుతో ఒప్పందం చేసుకొనే రైత్వారీ పద్ధతి ఈ సీమలో వేళ్లూనింది ఆనాడే. వానలు మొహం చాటేసిన ఏళ్లు నడుమ వచ్చినా, ఏడేళ్లలో రాబడి సుమారు సగం మేర పెరిగింది.

మన్రో మరొకరైతే అంతటితో తృప్తిపడేవారు. కానీ పంటలో దాదాపు 45 శాతం సర్కారుకే పోతున్నదని, మూడింట ఒక వంతుకు మించరాదని ఆయన గ్రహించారు. 1807 ఆగస్టులో రెవెన్యూ బోర్డుకు రాస్తూ భూములన్నిటిపై 25 శాతం, బావుల కింద సాగయ్యే తోటలపై 33 శాతం శిస్తు తగ్గించాలని, ఏటా ఇష్టమైన భూమిని చేపట్టే, ఇష్టం లేనిది వదిలే స్వేచ్ఛ రైతుకు ఉండాలని ప్రతిపాదించారు. సొంత ఖర్చుతో బావి తవ్వుకున్నవాడిపై భారం మరింత తగ్గాలన్న ఈ ఆలోచన కరవు సీమను కళ్లారా చూసినవారికే వస్తుంది.

కంపెనీ యుద్ధాల ఖర్చుల్లో ఉంది. రాబడి తగ్గడానికి మద్రాసు ప్రభుత్వం సమ్మతించలేదు. రైత్వారీనే బోర్డు విమర్శించింది. మన్రో సెలవుపై స్వదేశం వెళ్లిన తరువాత గ్రామాలను గుత్తకు ఇచ్చింది. పెంచిన శిస్తుపైనే గుత్తలు కుదరడంతో మొదట మూడేళ్లు, ఆపై పదేళ్ల గుత్తల్లో అనేకమంది గుత్తదారులు చితికిపోయారు. లండన్‌లో మన్రో తన వాదన వదల్లేదు. 1814లో న్యాయవిచారణ కమిషన్ అధ్యక్షులుగా తిరిగివచ్చి, 1820లో మద్రాసు గవర్నరయ్యారు. ఆ ఏడే రైత్వారీ మళ్లీ వచ్చింది. 13 ఏళ్ల కిందట అడిగిన తగ్గింపులూ అమలయ్యాయి. అవి వచ్చేలోపు చితికిన కుటుంబాల నష్టం తీరేది కాదు.

పదవి వీడే ముందు మన్రో దత్తమండలాలను చివరిసారి చూడబోయారు. 1827 జులై 6న పత్తికొండలో కలరా సోకి మరణించారు. గుత్తి కోట దిగువన ఖననం చేశారు. 1831లో అస్థికలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని చర్చికి తరలించారు.