37 ఏళ్లకు తొలి జీతం

తొలి జీతం ఏ వయసులో రావాలి? మీ లెక్కలో 22 కావచ్చు, మరీ ఆలస్యమైతే 25. అది దాటితే ఇంటికొచ్చిన చుట్టాలకు సమాధానం చెప్పుకోలేక చస్తాం. ఒక్కసారి కరొలైన్ హెర్షెల్ సంగతి చూడండి. తన పేరు మీద మొదటి జీతం అందుకునేసరికి ఆమెకు 37 ఏళ్లు. ఇంగ్లండులో సైన్సు పని చేసినందుకు జీతం తీసుకున్న తొలి మహిళ కూడా ఆమే.

1750 మార్చి 16న జర్మనీలోని హానోవర్‌లో పుట్టింది. తండ్రి సైనిక బ్యాండులో వాద్యకారుడు. చలి రాత్రుల్లో కూతుర్ని బయటికి తీసుకెళ్లి నక్షత్రాలు చూపించేవాడు. తల్లికి మాత్రం ఆడపిల్ల చదువంటే గిట్టదు. పదేళ్లప్పుడు టైఫస్ జ్వరం వచ్చి కరొలైన్ ఎదుగుదల ఆగిపోయింది. ఎత్తు నాలుగడుగుల మూడంగుళాలే. ఈ పిల్లకు పెళ్లి కాదు, ఇంటి చాకిరీకి పనికొస్తుందిలే అని ఇంట్లోవాళ్లు తేల్చేశారు.

ఇంగ్లండులోని బాత్ నగరంలో సంగీతంతో బతుకుతున్న అన్న విలియం 1772లో వచ్చి ఆమెను తీసుకెళ్లాడు. ఊరికే పంపలేదు. చెల్లి బదులు పనిమనిషిని పెట్టుకోవడానికి తల్లికి ఏటా డబ్బు కట్టాల్సి వచ్చింది.

వీధిలో టెలిస్కోపు

అప్పటికి ఆమెకు 22 ఏళ్లు. ఇంగ్లిష్ సరిగా రాదు. అన్న దగ్గర భాష, లెక్కలు, పాట నేర్చుకుంది. కొన్నేళ్లకే పెద్ద కచేరీల్లో సోలో పాడే గాయని అయ్యింది. ఆలోగా అన్నకు నక్షత్రాల పిచ్చి పట్టింది. టెలిస్కోపు కొనే స్తోమత లేక తానే అద్దాలు అరగదీయడం మొదలుపెట్టాడు. ఒకసారి ఏకంగా 16 గంటలు చేయి తీయకుండా సానపడుతుంటే, కరొలైన్ పక్కన కూర్చుని ముద్దలు నోట్లో పెట్టింది. అద్దం పోతపోసే అచ్చు కోసం గుర్రపు పేడ దంచి జల్లించింది కూడా.

1779 డిసెంబరులో విలియం ఇంటి ముందు వీధిలో టెలిస్కోపు పెట్టి చంద్రుణ్ని చూస్తుంటే, దారిన పోయే ఓ డాక్టర్ ఆగి, తానూ చూస్తానన్నాడు. అలా కుదిరిన స్నేహంతో అప్పుడే మొదలైన బాత్ ఫిలసాఫికల్ సొసైటీలో చేరాడు. ఇప్పటి ఆస్ట్రానమీ క్లబ్బుల్లాగే అక్కడా ఇష్టంతో వచ్చేవాళ్లే ఎక్కువ. చూసింది పంచుకోవడానికి, తప్పుంటే సరిదిద్దుకోవడానికి నలుగురు దొరికారు. 1781 మార్చి 13న విలియం యురేనస్‌ను కనుక్కున్నాడు. రాజుగారు ఏడాదికి 200 పౌండ్ల జీతం ఇచ్చారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. అన్నకు ఉద్యోగం వచ్చింది, చెల్లికి ఉన్న ఉపాధి పోయింది. ఊరు మారడంతో ఆమె పాట ఆగిపోయింది. చేతిలో సొంత సంపాదన లేదు.

ఎక్కం రాదు, లెక్క తప్పదు

అన్న ఇచ్చిన చిన్న టెలిస్కోపుతో 1782లో ఆకాశాన్ని గాలించడం మొదలుపెట్టింది. మిగతా రాత్రుల్లో అతను పైనుంచి చెప్పేది గడియారం చూసి రాసుకోవడం, పగలు ఆ లెక్కలన్నీ కట్టి శుభ్రంగా రాయడం ఆమె పని. మరి ఎక్కాలు? ఎంత ప్రయత్నించినా కంఠతా రాలేదు. ఎక్కాల కాగితం వెంట పెట్టుకునే వేల లెక్కలు చేసింది. 1783 డిసెంబరు 31 రాత్రి మంచులో పరుగెడుతూ జారి, ఇనుప కొక్కెం కాల్లో దిగబడింది. మాంసం ఊడొచ్చినా గాయం మానగానే మళ్లీ పనిలోకి దిగింది.

1786 ఆగస్టు 1. అన్న జర్మనీ వెళ్లాడు. ఆ రాత్రి కరొలైన్‌కు మసగ్గా ఓ చుక్క కనిపించింది. తొందరపడి ఎవరికీ చెప్పలేదు. మర్నాటి రాత్రి మళ్లీ చూసింది. చోటు మారింది. అంటే తోకచుక్కే! అన్న తిరిగి వచ్చేదాకా ఆగకుండా, ఎక్కడ చూడాలో వివరంగా రాసి రాయల్ సొసైటీ కార్యదర్శికి ఉత్తరం పంపింది. కొద్ది రోజుల్లోనే ఆ సొసైటీ అధ్యక్షుడు, కార్యదర్శి ఆమె ఇంటికే వచ్చి తోకచుక్కను చూసి వెళ్లారు.

మరుసటి ఏడాది, 1787లో, అన్నకు సహాయకురాలిగా రాజుగారి నుంచి ఏటా 50 పౌండ్ల జీతం మొదలైంది. అన్న జీతంలో నాలుగో వంతే. అయినా ఎవరినీ అడగకుండా ఖర్చుపెట్టుకోగల డబ్బు ఆమె చేతికి రావడం జీవితంలో అదే మొదటిసారి.

1797 నాటికి మొత్తం ఎనిమిది తోకచుక్కలు కనుక్కుంది. చివరిదాని కబురు చెప్పడానికి గంట నిద్రతోనే గుర్రమెక్కి, పాతిక మైళ్లకు పైగా ప్రయాణించి గ్రీనిచ్ అబ్జర్వేటరీకి వెళ్లింది. పాత నక్షత్ర పట్టికను తప్పులు దిద్ది, వదిలేసిన 550కి పైగా నక్షత్రాలను చేర్చింది. రాయల్ సొసైటీ దాన్ని 1798లో అచ్చువేసింది. 1822లో అన్న పోయాక హానోవర్‌కు తిరిగెళ్లి, అతను చూసిన సుమారు 2500 నెబ్యులాలకు కొత్త క్రమంలో జాబితా తయారుచేసింది. అందుకు 1828లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది. ఆ పతకం మరో మహిళకు దక్కడానికి 1996 దాకా పట్టింది. 1848 జనవరి 9న, 97 ఏళ్ల వయసులో కరొలైన్ కన్నుమూసింది.

మీకేం ఉపయోగం?

అన్నకు రాజుగారి దగ్గర పలుకుబడి ఉంది, అందుకే జీతం వచ్చింది అనొచ్చు. నిజమే, అదీ ఒక కారణం. కానీ పలుకుబడి పనిచేసే రోజు వచ్చేసరికి, చూపించడానికి ఆమె దగ్గర ఐదేళ్ల రాత పుస్తకాలున్నాయి. తేదీ, సమయం, చోటు అన్నీ పక్కాగా.

నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న ఈ నెలల్లో మీరు చేసే పని ఏదైనా సరే, కోడింగో, అనువాదమో, ట్యూషనో, తేదీ వేసి రాసిపెట్టుకోండి. ఆ పని తెలిసిన నలుగురు కలిసే చోటికి వెళ్లండి. మీ పని మీరే రెండోసారి సరిచూసుకోండి. సరిగ్గా ఉందని తేలాక మాత్రం ఎవరో వచ్చి పరిచయం చేయాలని ఆగొద్దు. చూడాల్సినవాళ్లకు మీరే పంపండి.