ఆంధ్రరత్న గోపాలకృష్ణయ్యగారి నాయకత్వము

ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు 1889 జూన్ 2వ తేదీన కృష్ణా మండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. శైశవముననే తలిదండ్రులను కోల్పోయి, పినతండ్రి, నాయనమ్మల పోషణమున పెరిగిరి. రేపల్లె ప్రాంతమందలి కూచినపూడిలో ప్రాథమిక విద్యయు, గుంటూరున ఉన్నత విద్యయు అభ్యసించి, బాపట్ల తాలూకా కచేరిలో కొంతకాలము కొలువు చేసిరి. పిమ్మట స్కాట్లండునకేగి ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొందిరి. ఆనందకుమారస్వామిగారితో కలిసి వారు ఆంగ్లీకరించిన నందికేశ్వరుని అభినయదర్పణము 1917లో అమెరికాలో వెలువడెను. స్వదేశమున రాజమహేంద్రవరమునందును, బందరు జాతీయ కళాశాలయందును ఉపాధ్యాయులై పనిచేసిరి.

ఇంతటి విద్యావంతునకు పెద్ద ఉద్యోగము దుర్లభము కాదు. అయినను వారు చీరాలను తమ కార్యక్షేత్రముగా చేసికొనిరి. సేవకు శిక్షణ అవసరమని గుర్తించి రామదండు అను స్వచ్ఛంద సేవాదళమును కూర్చిరి. 1921లో బెజవాడయందు జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశమున జనసమ్మర్దమును అదుపుచేయుటలో ఆ దళము పేరుగాంచెను.

చీరాల, పేరాలలు అప్పుడు బాపట్ల తాలూకాలోనివి. నేతపనివారు, చిన్న రైతులు అధికముగా గల ఆ జంటగ్రామములను మద్రాసు ప్రభుత్వము మునిసిపాలిటీగా మార్చగా, ఏటికి సుమారు 4,000 రూపాయలుగా నున్న పన్నులు 40,000 రూపాయలవరకు పెరిగెను. ప్రజలు పన్ను నిరాకరించి జైళ్లకేగిరి. 1921 ఏప్రిలులో వచ్చిన గాంధీమహాత్ముడు ఊరు విడిచిపోవుట ఒక మార్గమనియు, అట్లు చేసినచో కాంగ్రెసు ధనమునాశింపక స్వశక్తిపై నిలువవలెననియు సూచించిరి. గోపాలకృష్ణయ్యగారు ఆ కఠినమార్గమునకే ప్రజలను సంసిద్ధులను చేసిరి. సుమారు 13,000 మంది సొంత ఇండ్లు వదలి, ఊరివెలుపల రామనగరమను పేర వెలసిన పాకలలో పదకొండు నెలలు ఎండకు, వానకు, చలికి ఓర్చి నివసించిరి.

అధికారముగాని, ధనముగాని లేని నాయకుని మాటపై వేలమంది గడప దాటుట సామాన్యము కాదు. గోపాలకృష్ణయ్యగారు పండితులతో పండితులై, పామరులతో పామరులై మెలగిరి. పాటలతో, పద్యములతో, చమత్కార సంభాషణముతో శ్రమను మరపించిరి. ఆజ్ఞాపించుట కాక, ముందు తాము నడచుట వారి పద్ధతి.

ఆ పద్ధతియందే ఒక ప్రమాదమును కలదు. భారమంతయు ఒక్కరి భుజములపై నిలిచెను. ఉద్యమమునకు ధనము సేకరింప బరంపురమునకేగిన గోపాలకృష్ణయ్యగారు ఉపన్యాస నిషేధాజ్ఞను ధిక్కరించి, ఏడాది శిక్షపై తిరుచినాపల్లి జైలునకు పంపబడిరి. నాయకుడు దూరమైన పిదప రామనగరము క్రమముగా సడలి, ప్రజలు 1922లో తమ ఇండ్లకు మరలిరి. అది ప్రజల పిరికితనము కాదు. నాయకుని వెనువెంటనే ఆ బరువునెత్తుకొనగల మరికొందరు సిద్ధముగా లేకపోవుటయే ప్రధానమైన కొరత.

క్షయవ్యాధిపీడితులై గోపాలకృష్ణయ్యగారు 1928 జూన్ 10వ తేదీన, ముప్పదితొమ్మిదేండ్ల ప్రాయమున అస్తమించిరి. గ్రామసేవకు పూనుకొనువారు వారి జీవితమునుండి గ్రహింపవలసిన ధర్మములు రెండు. ప్రజలకష్టమున తాను ముందుండుట మొదటిది. తాను లేనినాడును కార్యము సాగునట్లు పదిమందిని తీర్చిదిద్దుట రెండవది. మొదటిదానిని ఆంధ్రరత్న ఆచరించి చూపిరి. రెండవదానిని నెరవేర్చుట తరువాతి తరములవారు తీర్చవలసిన ఋణము.