పాతవియు క్రొత్తవియు తెచ్చిన కాపరి: బిషప్ అజరయ్య

చదువుకొనవలసిన భాగము: మత్తయి 13:51, 52



పరలోకరాజ్యమునుగూర్చి నేర్చుకొనిన శాస్త్రిని మన ప్రభువు ఒక గృహస్థునితో పోల్చెను. ఆ గృహస్థుని కొట్టులో తాతలనాటి సొత్తును ఉన్నది, నిన్న మొన్న చేర్చిన సరకును ఉన్నది. అవసరమునుబట్టి రెండును బయటికి తీయువాడే తెలివిగలవాడు. నేడు మన సంఘములకు ఈ ఉపమానము మిక్కిలి అవసరమై యున్నది. చిన్ననాటి కీర్తనలు, తాళములు మరుగున పడుచున్నవని పెద్దలు దుఃఖపడుచున్నారు. పట్టణములలో చదివి వచ్చిన పిల్లలు వెనుక వరుసలో కూర్చుండి, కొన్నాళ్లకు ఆ వరుసను కూడ విడిచిపోవుచున్నారు. ఏది విడువవచ్చును, ఏది విడువరాదు అను ప్రశ్న ప్రతి విశ్వాసి యింటిలోను ఉన్నది.

ఈ ప్రశ్నను జీవితమంతయు మోసి, మన తెలుగు నేలమీదనే దానికి జవాబు చెప్పిన దైవజనుడు బిషప్ వేదనాయకము శామ్యూలు అజరయ్య గారు.

ఆయన 1874 ఆగస్టు 17న నాటి తిరునెల్వేలి జిల్లాలోని వెళ్లాళన్‌విళై గ్రామమున జన్మించెను. తండ్రి తామసు వేదనాయకము గారు హిందూ కుటుంబమున పుట్టి, మిషను పాఠశాలలో చదువుచు 1839లో క్రీస్తును అంగీకరించి, గ్రామ కాపరియైన వాడు. తల్లి లేఖనములను ప్రేమించిన స్త్రీ. తండ్రి తరమువారికి క్రీస్తునొద్దకు వచ్చుటయే గొప్ప అడుగు. కుమారుని తరమువారికి వేరొక ప్రశ్న ఎదురాయెను. మిషనరీలు కట్టి యిచ్చిన యింటిలో అతిథులవలె నుండవలెనా, లేక ఆ యింటి భారమును తామే ఎత్తుకొనవలెనా?

యువకుడైన అజరయ్య గారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1895లో వై.యం.సి.ఏ. సేవలో ప్రవేశించెను. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడెను. ఆ దినములలో కళాశాల చదువు చదివిన స్త్రీలు బహు కొద్దిమంది. ఆమె వారిలో ఒకరు. కట్నము లేకుండ, స్వల్ప వ్యయముతో ఆ పెండ్లి జరిగెను. క్రొత్త తరమనగా క్రొత్త వేషమని కొందరు తలంతురు గాని, ఆయన క్రొత్తదనము మొదట తన యింటిలోనే కనబడెను.

1902లో ఆయన యాళ్పాణమునకు వెళ్లినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో సువార్త సేవకులను దూరప్రాంతములకు పంపుట చూచెను. తిరునెల్వేలి సంఘము వారికంటె పెద్దదైనను అట్టి పని చేయలేదే యని ఆయన హృదయము నొచ్చుకొనెను. మరుసటి సంవత్సరము, 1903లో, పాళయంకోటలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపింపబడెను. 1905 డిసెంబరు 25న శ్రీరామపురములో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడినప్పుడును ఆయన ముందు నిలిచినవారిలో ఒకడు.

తిరునెల్వేలి సొసైటీ ఎన్నుకొనిన పొలము నిజాము రాజ్యములోని దోర్నకల్ ప్రాంతము. ఇతరులను పంపి తాను నిలిచిపోవుట ఆయనకు సరిపడలేదు. 1909లో, ముప్పదియైదేండ్ల వయస్సున, పెద్ద పదవిని విడిచి, గురువుగా అభిషేకము పొంది దోర్నకల్‌కు వచ్చెను. తెలుగును బిడ్డవలె అక్షరములనుండి నేర్చుకొనెను. 1910లో ఎడింబరో మహాసభలో, విదేశ సేవకులు దేశీయ సేవకులకు ధనమును శ్రమను ఇచ్చినను స్నేహము ఇయ్యలేకపోయిరని ధైర్యముగా చెప్పెను. అది కొందరికి కోపము పుట్టించెను. అయినను ఆయన పగతో వేరుపడలేదు. సంఘములోనే నిలిచి పని చేసెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కెథీడ్రలులో బిషప్పుగా అభిషిక్తుడాయెను. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్పగుట అదే మొదలు.

ఆయన మేత్రాసనములోని విశ్వాసులలో అధికులు అంటరానివారని ఊరి వెలుపల నుంచబడిన కుటుంబములవారు. వారికి చదువులేదు, ధనము లేదు. అయినను ఆయన వారిని సాయము పొందువారిగా మాత్రమే ఎంచలేదు. బాప్తిస్మము పొందిన ప్రతివాడును తన చేతిని తన తలమీదనే ఉంచుకొని, సువార్త ప్రకటింపకయుండిన తనకు శ్రమయని ఒప్పుకొనునట్లు నేర్పెను (1 కొరింథీ 9:16 చూడుడు). బీద స్త్రీలు వంటకు ముందు పిడికెడు బియ్యము ప్రభువునకు తీసి పెట్టిరి. తెలుగు రాగముల పాటలును భజనలును ఆరాధనలో చేరెను. కాని ఆంగ్లికన్ ప్రార్థన క్రమమును ఆయన పారవేయలేదు. 1941 నాటికి ఆ మేత్రాసనములోని క్రైస్తవులు రెండు లక్షలు దాటిరి.

దోర్నకల్‌లోని ఎపిఫనీ కెథీడ్రలును చూచినవారికి ఆయన మనస్సు తెలియును. ధనాభావమువలన పని అనేక సంవత్సరములు సాగి, 1939 జనవరి 6న అది ప్రతిష్ఠింపబడెను. గుమ్మటములు, మినారులు మసీదును జ్ఞాపకము చేయును. చెక్కిన రాతి స్తంభములు మన దేవాలయ మండపములను జ్ఞాపకము చేయును. వాటన్నిటి నడుమ సిలువ యున్నది. దేశపు అందమంతయు ప్రభువు పాదములయొద్దకు రావచ్చునని ఆయన విశ్వాసము.

అయితే దేశాచారమని పేరుపెట్టి వచ్చిన ప్రతిదానిని ఆయన లోనికి రానియ్యలేదు. ప్రభువు బల్లయొద్ద కులభేదమును ఒప్పుకొనలేదు. గాంధీగారు మతమార్పును ఆక్షేపించినప్పుడు, బీదవాడు తన మనస్సాక్షినిబట్టి క్రీస్తును ఎన్నుకొను హక్కును విడువలేదు. కాలము మెచ్చుకొనినను మెచ్చుకొనకపోయినను ఆయన కొలత ఒక్కటే: ఇది క్రీస్తును చూపునా, మరుగుపరచునా?

సంఘముల ఐక్యత కొరకు 1919లో తరంగంబాడి సమావేశమునాటినుండి ఆయన ప్రయాసపడెను. 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించెను. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను. మోషేవలె ఆయన ఆ దేశమును దూరమునుండి చూచెను. ప్రవేశించినవారు తరువాతి తరమువారు.

ప్రియులారా, గ్రామ సంఘములలో సేవ చేయు మాకు ఈ జీవితము రెండు సంగతులు నేర్పుచున్నది. పెద్దలకు ఒక మాట. మనకు ప్రియమైన రాగమును సువార్తయని భ్రమపడకుందము. పిల్లలకు కూర్చుండు చోటు మాత్రమే కాదు, మోయుటకు భారము కూడ ఇయ్యవలెను. భారములేని చోట యౌవనము నిలువదు. పిల్లలకు ఒక మాట. సినిమా పాట వరుసను తెచ్చినంత మాత్రమున మీ ఆరాధన క్రొత్తది కాదు. కట్నము వద్దని చెప్పు యువకుడు, కులము చూడక ప్రక్కవానితో పంక్తిలో కూర్చుండు యువతి, వీరే నిజమైన క్రొత్త కీర్తన. తాతలు ఏ కష్టములో ఆ పాత కీర్తనలు పాడిరో వారినే అడిగి తెలిసికొనుడి. అప్పుడు మీ పాటకు వేరు దొరకును.

ఈ నెలలో ప్రతి కుటుంబమువారును ఒక సాయంకాలము కలిసి కూర్చుండి, పెద్దలు ఒక పాత కీర్తనను, పిల్లలు ఒక క్రొత్త పాటను ఒకరికొకరు నేర్పుకొనవలెనని కోరుచున్నాము. కొట్టు ఒక్కటే, యజమానుడు ఒక్కడే. ఆయన మహిమకొరకు రెండును బయటికి తీయు జ్ఞానమును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.