వేలిముద్రల సీమలో గాడిచర్ల

గండికోట జలాశయం కింద కొండాపురం మండలంలో ఊళ్ళు ఖాళీ అయిన రోజుల్లో కూలిజనం కాగితాలు చేతబట్టుకుని చదువొచ్చినోళ్ళ కోసం ఇల్లిల్లూ తిరిగినారు. ఏం రాసుందో తెలీకుండానే వేలిముద్ర వేసినవాళ్ళను నేను చూసినాను. అట్లాంటప్పుడు గుర్తుకొచ్చే మనిషి గాడిచర్ల హరిసర్వోత్తమరావు. మన పక్క కర్నూలులోనే 1883లో పుట్టినాడు. ఆంధ్రదేశంలో వయోజన విద్యకు పునాది వేసినవాళ్ళలో ఈయన మొదటి వరుస మనిషి.

మద్రాసులో ఎం.ఏ. చదివినాడు. ఆ కాలంలో ఎం.ఏ. అంటే సర్కారు కొలువు చేతికందినట్టే. 1907లో రాజమండ్రిలో టీచరు ట్రైనింగులో ఉండగా బిపిన్ చంద్రపాల్ ఆ ఊరొచ్చాడు. విద్యార్థులు వందేమాతరం బిళ్ళలు తగిలించుకున్నారు. గాడిచర్లను కాలేజీ నుంచి వెళ్ళగొట్టినారు, సర్కారు ఉద్యోగమూ పనికిరాదన్నారు. మంచిదే అయింది! కొలువులో చేరుంటే ఇంకో దొరగారయ్యేవాడేమో.

1908లో బెజవాడలో ‘స్వరాజ్య’ పత్రిక నడిపినాడు. తిరునల్వేలిలో జనం మీద కాల్పులు జరిగితే దొరతనాన్ని దుమ్మెత్తిపోస్తూ రాసినాడు. రాజద్రోహం కేసు పెట్టినారు. కింది కోర్టు వేసిన శిక్ష చాలదని హైకోర్టు దాన్ని మూడేళ్ళకు పెంచింది. వేలూరు జైల్లో మామూలు నేరస్తులతో పాటే ఉంచినారు. అంతకుముందే, 1907లో, లింకన్ చరిత్ర తెలుగులో రాసినాడు. కొమర్రాజు లక్ష్మణరావు గారి విజ్ఞాన చంద్రికా మండలి దాన్ని అచ్చేసింది. బానిసల సంగతి తెలుగువాడు తెలుగులో చదువుకోవాలనుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఆయన కమ్యూనిస్టు కాడు, కూలిసంఘం మనిషీ కాడు. కానీ ఒక కిటుకు పట్టుకున్నాడు. 1914లో పుట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి తర్వాత చాలా ఏళ్ళు అధ్యక్షుడుగా ఉంటూ, వయోజన విద్యనూ భుజాన వేసుకున్నాడు. ఈ రెండూ విడివిడి పనులు కావు. రాత్రిబడిలో నాలుగక్షరాలు దిద్దిన కూలోడికి చేతిలో పుస్తకం లేకపోతే రెండు పంటలు తిరిగేసరికి అన్నీ మర్చిపోతాడు. బళ్ళు పెట్టి, పలకలిచ్చి, పుస్తకాల సంగతి వదిలేసినచోట జరిగిందిదే.

1960లో ఆయన కన్నుమూశాడు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చిన ఆడకూలీలు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో సారా మూతపడింది. వాచకంలో పాఠం వాళ్ళ బతుకు మీదే ఉండింది గదా!

మా రాత్రిబడికొచ్చే పెద్దమ్మలు ముందు నేర్పమనేది సంతకం కాదు. మస్టరులో పనిదినాల అంకెలు.