కర్ట్ లెవిన్

కర్ట్ లెవిన్ (సెప్టెంబరు 9, 1890 - ఫిబ్రవరి 12, 1947) అమెరికాలో స్థిరపడిన జర్మన్ యూదు మనస్తత్వ శాస్త్రవేత్త. సామాజిక మనస్తత్వ శాస్త్రమును ప్రయోగముల బాట పట్టించిన వారిలో ముఖ్యుడు. మనిషి ప్రవర్తన అతని స్వభావము, ఆ క్షణములో అతని చుట్టూ ఉన్న పరిస్థితి కలిసిన ఫలితమని ఆయన ప్రతిపాదించిన క్షేత్ర సిద్ధాంతము చెబుతుంది. ఇక్కడ క్షేత్రమనగా పొలము కాదు, భౌతిక శాస్త్రములోని అయస్కాంత క్షేత్రము వంటిది.

బాల్యము, విద్య

నేడు పోలండ్‌లో ఉన్న మొగిల్నో అప్పట్లో ప్రష్యా రాజ్యములోనిది. లెవిన్ అక్కడే జన్మించాడు. తండ్రికి చిన్న దుకాణము, కొంత పొలము ఉండేవి. 1905లో కుటుంబము బెర్లిన్ చేరింది. మొదట వైద్యవిద్యలో చేరినా, చివరకు బెర్లిన్ విశ్వవిద్యాలయములో కార్ల్ స్టుంఫ్ వద్ద పరిశోధించి డాక్టరేటు పొందాడు. మొదటి ప్రపంచ యుద్ధములో జర్మనీ సైనికునిగా పోరాడి గాయపడ్డాడు. ఆ యుద్ధములోనే ఆయన సోదరుడు మరణించాడు.

బెర్లిన్ పరిశోధనలు

డబ్బు చెల్లించని వారి బిల్లు హోటలు సర్వరుకు గుర్తుంటుంది, చెల్లించగానే మరచిపోతాడు. లెవిన్ బృందము గమనించిన ఈ చిన్న విషయమును ఆయన శిష్యురాలు బ్లూమా జైగార్నిక్ ప్రయోగములతో పరీక్షించి 1927లో ప్రచురించింది. మధ్యలో ఆపిన పనులే ఎక్కువగా గుర్తుంటాయని ఆమె తేల్చింది. ఇది పాఠ్యపుస్తకములకు ఎక్కినది గాని, తరువాతి పరిశోధనలన్నింటిలో ఇదే ఫలితము రాలేదని విద్యార్థులు గమనించవలెను.

ప్రవాసము

1932లో స్టాన్‌ఫర్డ్‌కు అతిథి ఆచార్యునిగా వెళ్ళిన లెవిన్, జపాను, సోవియట్ యూనియన్ల మీదుగా తిరిగి వస్తుండగా హిట్లరు అధికారములోనికి వచ్చాడు. అదే సంవత్సరము, 1933లో, దేశము విడిచి కార్నెల్‌కు, 1935లో అయోవా విశ్వవిద్యాలయమునకు వెళ్ళాడు. తల్లిని కూడా రప్పించుటకు చేసిన ప్రయత్నములు ఫలించలేదు. ఆమె నాజీ శిబిరములో హతమయినది.

నియంతృత్వము మనుషులను ఏమి చేస్తుందన్న ప్రశ్న ఆయనకు సొంత ప్రశ్న. రొనాల్డ్ లిప్పిట్, రాల్ఫ్ వైట్‌లతో కలిసి పదేళ్ళ బాలురను ఐదుగురేసి సంఘములుగా చేసి, ముసుగుబొమ్మల తయారీ వంటి పనులు అప్పగించాడు. నాయకుడు ఆజ్ఞాపించే సంఘములో పిల్లలు కొందరు కలహించారు, కొందరు స్తబ్దుగా ఉండిపోయారు. నాయకుడు గది దాటగానే పని ఆగేది. కలిసి నిర్ణయించుకొనే సంఘములో పని సాగేది. తరగతి గదిని ఎరిగినవారికి ఇది ఆశ్చర్యము కలిగించదు. ఈ ఫలితములు 1939లో వెలువడ్డాయి.

రెండవ ప్రపంచ యుద్ధకాలములో మాంసము కొరత వచ్చినప్పుడు, గుండె, మూత్రపిండముల వంటి భాగములను గృహిణులు వండునట్లు చేయుట ఎలాగన్నది సమస్య. ఈ పనిలో మార్గరెట్ మీడ్ తోడ్పడింది. ఉపన్యాసము విన్నవారిలో 3 శాతము, చర్చించి తామే నిర్ణయించుకొన్నవారిలో 32 శాతము వాటిని వండారు. అయితే తరువాత విచారిస్తామని చర్చ బృందములకు మాత్రమే ముందుగా చెప్పారు. ఆ తేడాలో కొంత దీని వలన కూడా వచ్చి ఉండవచ్చును.

చివరి సంవత్సరములు

సమస్య ఉన్నచోటనే, అందులో ఉన్నవారితోనే పరిశోధించు పద్ధతికి క్రియాత్మక పరిశోధన అని పేరు పెట్టినది లెవినే. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సమూహ గతిశాస్త్ర పరిశోధనా కేంద్రమును స్థాపించాడు. లియాన్ ఫెస్టింగర్ ఆయన శిష్యుడే. 1947లో గుండెపోటుతో 56వ ఏట మరణించాడు. మరుసటి సంవత్సరము ఆ కేంద్రము మిషిగన్ విశ్వవిద్యాలయమునకు తరలినది.